మోటారుబండియు మేమును

కుట్టుపనులు, అల్లికలు, ఊరగాయలు, శిశుపోషణము మున్నగు విషయములను గూర్చి అనుభవము గల సోదరీమణు లెందరో వ్రాయుచున్నారు. మేము వ్రాయబూనిన విషయము వాని సరసన నిలుచునో లేదో మాకు తెలియదు. మోటారుబండిని ఇంటివద్దనే బాగుచేసికొనుట స్త్రీల పత్రికలో వ్రాయదగిన సంగతియా యని కొందరు నవ్వవచ్చును. నవ్వినను మంచిదే. మేము నూనె చేతులతో వాకిట నిలుచున్ననాడు మా వీథివారును నవ్విరి. ఆ నవ్వులకు మేము మొదట సిగ్గుపడితిమి, పిదప గర్వపడితిమి, ఆ గర్వమువలన ఒకనాడు ప్రాణములమీదికి తెచ్చుకొంటిమి. ఆ మూడింటిని ఉన్నవి యున్నట్లు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమనగా ఇద్దరము తోడికోడండ్రము. మా అత్తవారి యిల్లు హైదరాబాదు అశోకనగరములో, హుస్సేనుసాగరపు మిగులునీరు పోవు నాలాకు కొలది దూరమున నున్నది. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికిని, త్యాగరాయ గానసభకును, నారాయణగూడలోని పిల్లల బడికిని మేము నడచియే పోవుచుండెడివారము. అత్తగారికి ఉబ్బసము ముదిరి, అర్ధరాత్రివేళ రిక్షాకొరకు పరుగులెత్తవలసి వచ్చుచుండుటచేత, 1987 లో మా భర్తలు అన్నదమ్ములిద్దరును కలిసి ఒక పాత ప్రీమియర్ పద్మిని బండిని కొనిరి. ఇటలీదేశపు ఫియట్ నమూనా ననుసరించి బొంబాయిలోని కుర్లాలో తయారైన బండి యది. పేరునకు పద్మినియే గాని, మా వాకిటికి వచ్చునాటికి దానిది ముసలి యెద్దు నడక. ఉదయమున ఒక పట్టాన లేవదు, లేచినను దగ్గుచుండును. మగవారిద్దరును ఉద్యోగములపై నెలలో సగము దినములు ఊళ్లు తిరుగువారు. కావున బండి నడపుట నేర్చుకొనవలసినవారము మేమే యైతిమి.

బండి మొరాయించినప్పుడెల్ల దగ్గరలోని ఒక మేస్త్రీవద్దకు తీసికొనిపోవుచుంటిమి. మమ్ము చూడగానే అతనికి బండిలో క్రొత్త రోగములు కనబడుచుండెను. ఒకమారు "ఇంజను దింపవలెనమ్మా, రెండువేలు కావలెను" అనెను. మేము దిగులుతో ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగా, వసారాలో పడకకుర్చీలో నున్న మామగారు బండిని ఒకసారి నడిపించి నిలుపుమనిరి. కన్నులు మూసికొని అరనిమిషము వినిరి. "ఒక ప్లగ్గు మండుట లేదు. ఇంజను దింపుటెందుకు?" అనిరి.

మామగారు రోడ్డు రవాణాసంస్థ కర్మశాలలో చిరకాలము పనిచేసి 1983 లో విశ్రాంతి పొందినవారు. నిజాము కాలమున, 1932 లో, రైల్వేశాఖ క్రింద 27 బస్సులతో ఈ నగరమున ప్రారంభమైన రవాణాశాఖయే తరువాత 1958 లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థయైనది. ఆ తొలినాటి మేస్త్రీలవద్ద పని నేర్చినవారి వద్ద తాము నేర్చితిమని ఆయన చెప్పుకొనుచుండెడివారు. ఆయన చెవి చెక్కుచెదరలేదు గాని మోకాళ్లు పట్టుకొనిపోయినవి, చేతులు వణకుచుండెను. "నేను వంగలేను. మీరు చేయుడు, నేను చెప్పెదను" అనిరి. మేము వెనుదీయగా ఆయన ఇట్లనిరి: "అమ్మా! కుంపటి రాజుకొననప్పుడు మీరు కుంపటిని పగులగొట్టుదురా? బొగ్గు తడిసినదా, గాలి చాలలేదా, నిప్పు అందలేదా యని చూతురు. ఇదియు అంతియే. పెట్రోలు, గాలి, నిప్పు. ఈ మూడును తగిన పాళ్లలో, తగిన వేళకు కలియవలెను. దీనిలో ఇంతకుమించిన రహస్యము లేదు."

ఆ ఆదివారమే మా చదువు ప్రారంభమైనది. మొట్టమొదటి పాఠము పానా పట్టుకొనుట కాదు. గాజులు తీసి పెట్టవలెను, మంగళసూత్రమును రవికలోపలికి వేసికొనవలెను, కొంగు నడుమునకు బిగించవలెను, జడను ముడివేయవలెను. తిరుగుచున్న ఫ్యాను బెల్టునకు కొంగు చిక్కినచో మనిషినే లాగివేయును. బ్యాటరీ రెండు కొనలకును లోహపు గాజు ఒక్కసారి తగిలినను నిప్పులు రాలి చేయి కాలును. ఈ జాగ్రత్తలను మగవారికొరకు వ్రాసిన పుస్తకములలో మేము చూడలేదు. మామగారు తామే ఆలోచించి చెప్పిరి.

తరువాత ప్లగ్గులు. తీగలను విప్పుటకు ముందే ఒక్కొక్కదానికి సంఖ్య వ్రాసిన చీటి కట్టవలెను. మా బండికి నాలుగు సిలిండర్లు. అవి వరుసగా మండవు. ఒకటి, మూడు, నాలుగు, రెండు అను క్రమమున మండును. తీగలు తారుమారైనచో బండి టపటపమని ప్రేలునే గాని కదలదు. విప్పిన ప్లగ్గు కొన రంగును చూచి లోపలి సంగతి తెలిసికొనవచ్చును. బిస్కత్తు రంగున నున్న ఆరోగ్యము; పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ; నూనెతో తడిసియున్న ఇంజను అరుగుచున్నది; తెల్లగా కాలియున్న పెట్రోలు చాలక వేడెక్కుచున్నది. వైద్యుడు నాలుక చూచునట్లు మేస్త్రీ ప్లగ్గు చూడవలెనని మామగారి మాట. మా బండి ప్లగ్గులలో మూడవది మసిబారి యుండెను. దానిని శుభ్రపరచి, కొనల నడిమి సందును ఫీలరు గేజితో 0.6 మిల్లీమీటరుకు సరిచేసి బిగించితిమి.

పిదప డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లు చూపించిరి. రెండు చిన్న లోహపు బిళ్లలు కలియుచు విడిపోవుచుండును. అవి విడిపోయిన క్షణముననే ప్లగ్గువద్ద నిప్పురవ్వ పుట్టును. ఇంజను నిమిషమునకు మూడువేలమార్లు తిరుగునప్పుడు, నాలుగు సిలిండర్లకును కలిపి నిమిషమునకు ఆరువేల నిప్పురవ్వలు కావలెను. అనగా క్షణమునకు నూరు! ఆ బిళ్లల నడిమి సందు ఇంచుమించు 0.4 మిల్లీమీటరు మాత్రమే. అది తగ్గినచో నిప్పు ఆలస్యముగా పుట్టును. బండి బలము తగ్గి, పెట్రోలు వృథాయగును. వెండ్రుకవాసి తేడా బండి నడకను మార్చునని ఆనాడు కన్నులార చూచితిమి. సాయంకాలము తాళము త్రిప్పగా బండి ఒక్క పిలుపునకే పలికెను. రెండువేల రూపాయల రోగము ఒక గరకు కాగితపు ముక్కతో కుదిరినది.

అత్తగారు మొదట ముఖము చిట్లించుకొనిరి. "వంటచేయు చేతులకు ఆ కంపేమిటి?" యని గొణిగిరి. మేము ఆయాసపడుచు పనిచేయుట చూచి రెండు వారములకే పాత చీరలు చింపి గుడ్డలిచ్చిరి. కొబ్బరినూనె రాచి శనగపిండితో రుద్దినచో జిడ్డు వదలునని చెప్పినవారును ఆమెయే. ప్రహరీగోడపైనుండి చూచు ఇరుగుపొరుగువారు మాత్రము "కోడండ్రు మేస్త్రీలైరి" అని నవ్వుచుండిరి. ఆ దినములలోనే చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి మోటారులను గూర్చిన పుస్తకములు వెదకి చదివితిమి.

జర్మనీదేశపు బెర్తా బెంజ్ అను నామె కథ తెలిసినప్పటినుండి మాకు ఆ నవ్వులు బాధించుట మానినవి. 1888 ఆగష్టులో ఆమె భర్తకు చెప్పకయే ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిలో మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ సూదితో పొడిచి బాగుచేసెను. తీగ ఒరసికొనగా తన మేజోడు పట్టీని చుట్టెను. ఇంధనమును మందుల దుకాణమున కొనెను. తరువాత ఇంగ్లండునకు రాణియైన ఎలిజబెత్తును 1945 లో స్త్రీల సహాయకదళమున చేరి సైనికుల బండ్లను నడపుటయు బాగుచేయుటయు నేర్చెను. మోటారుబండి పుట్టిననాటినుండియు స్త్రీ చేయి దానిపై నున్నదే!

ఒక సంవత్సరము గడచునప్పటికి మాకు ధైర్యము హెచ్చెను. రాణిగంజునకు పోయి విడిభాగములు మేమే బేరమాడి తెచ్చుచుంటిమి. కార్బురేటరు విప్పి కడిగితిమి. ఫ్యాను బెల్టు మార్చితిమి. ఇంజను ఆయిలు మార్చితిమి. ధైర్యముతోపాటు మరియొకటియు మా మధ్య పెరిగెను. మాలో ఒకరిది చేతి చురుకు. మరియొకరు పుస్తకము చూడనిదే మర త్రిప్పనివారు. "ఈ పని నేను చేసితిని," "ఆ తప్పు నీవు చేసితివి" అను మాటలు భోజనమువేళ కూడ వినబడసాగెను. బండి బాగుగా నడచినచో చేసినది నేను. చెడినచో చెడగొట్టినది నీవు. వంటయింటిలో లేని పోటీ వాకిట మొదలయ్యెను. మామగారు అన్నియు వినుచు నోరు మెదపకుండిరి.

1989 వేసవి సెలవులకు ముందు, ఒకనాటి మధ్యాహ్నము, నలుగురు పిల్లలను బడినుండి ఎక్కించుకొని నారాయణగూడ కూడలివైపు వచ్చుచుంటిమి. అంతకు రెండు దినములనుండి బ్రేకు పట్టి పట్టి విడుచుచుండెను. మేము గమనించితిమి గాని, వేడికి అట్లుండునని సరిపెట్టుకొంటిమి. ఎదుట ఒక రిక్షా నిలువగా బ్రేకు త్రొక్కితిమి. పెడలు మెత్తగా నేలదాక పోయెను. రెండవమారు త్రొక్కినను అంతియే. ఆ క్షణము మాకిప్పటికిని కలలోనికి వచ్చుచుండును. వెనుక పిల్లలు ఏదో పాట పాడుకొనుచున్నారు, వారికేమియు తెలియదు. ఒక చేయి చక్రమును త్రిప్పగా మరియొక చేయి హ్యాండు బ్రేకు లాగెను. హ్యాండు బ్రేకు ఇనుపతీగతో పనిచేయును గావున ఆయిలు చెడినను అది చెడదు. గేరు తగ్గించితిమి. బండి రోడ్డు ప్రక్కనున్న ఇసుకకుప్పలోనికి దూసికొనిపోయి నిలిచెను. ఒక ముసలమ్మ కాయగూరల గంప బోర్లపడెను. ఎవరికిని గాయము తగులలేదు. పిల్లలు పాట ఆపిరి. మేము వంకాయలు ఏరి ఆమె గంపలో వేయుచుండగా మా చేతులు మామగారి చేతులకంటె ఎక్కువగా వణకెను.

బండిని త్రాటితో ఇంటికి లాగించితిమి. మామగారు కఱ్ఱ ఊతతో వచ్చి, బ్రేకు ఆయిలు డబ్బీ మూత తీయించి, ఒక చుక్కను వ్రేళ్ల నడుమ రుద్ది వాసన చూచిరి. అది బ్రేకు ఆయిలు కాదు, ఇంజను ఆయిలు. బ్రేకులోని రబ్బరు వాషర్లకు ఖనిజతైలము విషము వంటిది. అవి నాని, ఉబ్బి, మెత్తబడి, ఆయిలును పట్టి యుంచజాలవు.

అది అచ్చటి కెట్లు వచ్చినది? అటకమీద ఖాళీ బ్రేకు ఆయిలు సీసా యొకటి యుండెను. వంటయింటిలో ఖాళీ సీసా దొరికినచో దానిలో ఏదో ఒకటి పోసి దాచుట మన అలవాటు గదా! మిగిలిన ఇంజను ఆయిలును మాలో ఒకరము ఆ సీసాలో పోసి దాచితిమి. మరియొకరము సీసా మీది పేరు చూచి దానిని బ్రేకు డబ్బీలో పోసితిమి. దాచినవారు చెప్పలేదు, పోసినవారు వాసన చూడలేదు. ఆనాడు మాటాడుకొనకయే ముఖముఖములు చూచుకొంటిమి. ఎవరు నోరు తెరచినను రెండవవారిని ఈ యింటిలో జీవితాంతము వ్రేలెత్తి చూపుటయే యగునని ఇద్దరకును తెలియును.

మామగారు "ఎవరు పోసిరి?" అని యడుగలేదు. మా వైపు చూచి "మీరు పోసితిరి" అని మాత్రమనిరి. మేమును "పోసితిమి, మామయ్యగారూ" అంటిమి. ఊరినుండి వచ్చిన మా భర్తలకును ఆ మాటయే చెప్పితిమి. ఎవరు దాచిరో, ఎవరు పోసిరో వారికి నేటికిని తెలియదు. పాఠకసోదరీమణులకును చెప్పము. ఆ దినమునుండి మా వాకిట "నేను" అను మాట వినబడలేదు.

మరునాడు ఆయన బ్రేకుల పనికి తామెరిగిన పాత మేస్త్రీని పిలిపించి, రబ్బరు వాషర్లన్నియు మార్పించి, గొట్టములు కడిగించిరి. పిదప మాచేత ఒక పుస్తకములో నియమములు వ్రాయించిరి. ఆ పుస్తకము ఇప్పటికిని మా యింట పోపులపెట్టె ప్రక్క నున్నది. వానిలో ముఖ్యమైనవి చెప్పుచున్నాము. ప్లగ్గులు, పాయింట్లు, గాలి జల్లెడ, ఫ్యాను బెల్టు, బ్యాటరీ నీరు, చక్రముల గాలి, ఆయిలు. ఇవి ఇంటివద్ద చేసికొనదగినవి. ఇవి తప్పినచో బండి నిలుచును, అంతియే. బ్రేకులు, స్టీరింగు, ఇవి తప్పినచో బండి నిలువదు. కావున వానిని తెలిసినవారికే అప్పగించవలెను. జాకీని మాత్రమే నమ్మి బండిక్రింద దూరరాదు. మూసిన కొట్టములో ఇంజను నడపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును. పెట్రోలు పని పొయ్యి దరిదాపుల చేయరాదు. ఒకరు చేసిన పనిని మరియొకరు చూడనిదే బానెట్టు మూయరాదు. ఈ చివరి నియమము క్రింద మామగారు తమ వణకు చేతితోనే గీత గీసిరి.

పదునొకండేండ్లు ఆ ప్రకారమే నడచుకొంటిమి. 2000 సంవత్సరము ఆగష్టు 24 వ తేదీన నగరమున ఒక్క దినములో 24 సెంటిమీటర్ల వర్షము కురిసెను. నాలా పొంగి అశోకనగరము, దోమలగూడ ప్రాంతములలో ఇండ్లలోనికి నీరు వచ్చెను. మేము అత్తమామలను పట్టుకొని మేడమీదికి ఎక్కితిమి. పైనుండి చూచుచుండగనే పద్మిని కిటికీలవరకు మునిగెను. నీరు తీసిన పిమ్మట వాకిలి నిండ బురద. మా వారిలో ఒకరు ఆత్రముతో బండిలో కూర్చుండి తాళము త్రిప్పబోగా, మే మిద్దరమును ఒక్కమారే కేకవేసితిమి. గాలి అణగును గాని నీరు అణగదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వచ్చినచో లోపలి కడ్డీ వంగిపోవును; అంతటితో ఇంజను పని ముగియును.

ముందు బ్యాటరీ తీగ విప్పితిమి. నాలుగు ప్లగ్గులను తీసి ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పగా రంధ్రములనుండి బురదనీరు చిమ్మెను. ఇంజను ఆయిలును దింపగా పాలు కలిపిన కాఫీవలె నుండెను. క్రొత్త ఆయిలు పోసి, మరల దింపి, మరల పోసితిమి. పెట్రోలు తొట్టిని ఖాళీచేసి కడిగితిమి. డిస్ట్రిబ్యూటరును ఎండబెట్టితిమి. బ్రేకులకు మాత్రము మేస్త్రీని పిలిపించితిమి. అందులకు మాకు చిన్నతనము తోచలేదు.

ఆరవనాటి సాయంకాలము బండి పలికెను. మామగారికి అప్పటికి చూపు మందగించినది. వసారాలో కుర్చీ వేయించుకొని విన్నారు. వీథివారు కొందరు గుమిగూడిరి. ఈసారి ఎవరును నవ్వలేదు. ఆయన మెచ్చుకొందురని ఎదురుచూచితిమి. ఆయన తల ఒక ప్రక్కకు వంచి, "మూడవది ఉండి ఉండి తప్పుచున్నది. తీగ సరిగా కూర్చున్నదా?" అనిరి. చూడగా తీగ నిజముగనే వదులుగా నుండెను. నొక్కి బిగించితిమి. ఆయన మరల విని, మరేమియు ననక, కాఫీ అడిగిరి. ఇరువది నిమిషములు ఆ కుర్చీ కదలనీయలేదు. 2003 లో ఆయన కాలము చేసిరి. తరువాత కొన్నియేండ్లకు పద్మినిని అమ్మివేసితిమి గాని ఆయన ఫీలరు గేజిని ఇయ్యలేదు.

ఇప్పుడు మా యిండ్లలో నున్న బండ్లకు కార్బురేటరు లేదు, డిస్ట్రిబ్యూటరు లేదు. పెట్రోలు ఎంత కావలెనో, నిప్పు ఎప్పుడు పుట్టవలెనో కంప్యూటరే నిర్ణయించును. విద్యుత్తుతో నడచు బండ్లలోని నారింజరంగు తీగలను ఇంటివారు తాకనే తాకరాదు. అయినను గృహిణి చేయదగినది లేకపోలేదు. నెలకొకసారి చక్రముల గాలి కొలువవలెను. బండి చల్లారియున్నప్పుడు ఆయిలు కడ్డీ తీసి చూడవలెను. రేడియేటరు ద్రవమును, బ్రేకు ఆయిలు మట్టమును సీసా పైనుండియే కనిపెట్టవలెను; అది తరుగుచున్నచో పోసి ఊరకుండక కారణమును వెదకింపవలెను. గాలి జల్లెడ దుమ్ము దులుపవలెను. క్రొత్త చప్పుడు వినబడినచో అది ఎప్పుడు, ఏ వేగమున, ఎటువైపు వినబడెనో వ్రాసిపెట్టుకొని మేస్త్రీకి చెప్పవలెను. వినుట తెలిసినవారిని మోసగించుట కష్టము.

మా కోడలు మొన్న తన బండి తలుపు తెరచి, "అత్తయ్యా, ఈ శబ్దమేమో వినుడు" అని పిలిచినది. మే మిద్దరమును పోయి వింటిమి. ఆమె చేతికి పుస్తకమిచ్చి మొదటి పుట చదువుమంటిమి. సోదరీమణులారా! మీరును ఈ పనికి పూనుకొనినచో పానా పట్టుకొనుటకు ముందు ఇంటిలోని ఖాళీ సీసాలను పారవేయుడు. పారవేయలేనిచో, లోపల నున్నదేమో వ్రాసి చీటి అంటించుడు.